తీసి చూడండి, ఏం పోయిందో తెలుస్తుంది

ప్రశ్న: మాది పెరంబూరు. మావారు రైల్వేలో పనిచేస్తారు. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళం ఏడుగురం నెలకో నవల చదివి, రెండో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటాం. వచ్చే నెల బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. దాని శిల్పం, అంటే రాసిన తీరు గురించి మాట్లాడే వంతు నాది. మొదటి అరవై పేజీల్లో కనిపించిన ఉపమానాలు, రూపకాలు, ప్రతీకలు నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. నలభై దాటాయి. ఇప్పుడు వాటిని ఏం చేయాలో తోచడం లేదు. చదివి వినిపిస్తే అందరూ ఆవలిస్తారు. మాలో ఒక పెద్దాయన అయితే, “రచయిత ఇవన్నీ అనుకునే రాశాడా? మీరే పుట్టిస్తున్నారు” అంటారు. ఆయనకేం చెప్పాలి? నవలలో చెట్టు కనిపిస్తే అది చెట్టేనా, ప్రతీకా అని ఎలా తేల్చుకోవాలి? నేను తమిళ మీడియంలో చదువుకున్నాను. తెలుగు ఇంట్లో వచ్చిందే.
– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: ఆ నలభై పోలికల పట్టిక పారేయకండి. అందరి ముందూ చదవనూ చదవకండి. అలంకారాలు నేర్పే బడి పద్ధతి మనకొక అలవాటు చేసింది. వాక్యం చూస్తాం, పేరు పెడతాం, మార్కు తీసుకుంటాం. పేరు పెట్టగానే పని అయిపోయినట్టుంటుంది. నవల దగ్గర అసలు పని అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఇది ఉపమానం అని తేలాక అడగాల్సింది ఒకటే: దీన్ని తీసేస్తే, లేదా మార్చేస్తే, ఏం పోతుంది? ఏమీ పోకపోతే అది ముస్తాబు. ఏదైనా పోతే, పోయిందేదో అదే దాని అర్థం.

చేసి చూద్దాం. ఇంటి పెద్దాయన ఏదో మాట విని మౌనంగా ఉండిపోయాడు. దాన్ని మూడు రకాలుగా రాయొచ్చు.

“మామగారు తాళం వేసిన బీరువాలా కూర్చున్నారు.”
“మామగారు మూత బిగించిన కుక్కర్‌లా కూర్చున్నారు.”
“మామగారు రైలు వెళ్ళిపోయిన ప్లాట్‌ఫారంలా కూర్చున్నారు.”

మూడూ ఉపమాలంకారాలే, పరీక్షలో మూడింటికీ ఒకటే మార్కు. చదివేవాళ్ళకు మాత్రం మూడు వేరు వేరు కథలు. బీరువా అన్నాక లోపల ఏదో దాచి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరో ఉంది. ఆ రహస్యం కోసం పేజీ తిప్పుతాం. కుక్కర్ అన్నాక విజిల్ కోసం చెవి పెట్టుకుంటాం. యాభై పేజీలైనా ఆయన అరవకపోతే రచయిత మాట తప్పినట్టు, లేదంటే ఆ అరవకపోవడమే కథ అయినట్టు. ప్లాట్‌ఫారంలో దాచిందీ లేదు, పేలేదీ లేదు. వెళ్ళిపోయినదాని ఖాళీ ఉంది, అంతే.

ఇంకొకటి చూడండి. ఆ మౌనం చూస్తే కుక్కర్ గుర్తొచ్చేది ఎవరికి? వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న కోడలికి. ప్లాట్‌ఫారం గుర్తొచ్చేది రైల్వేలో పనిచేసే కొడుక్కి. పోలిక ఎప్పుడూ చూసిన వస్తువు గురించి కొంతా, చూసిన మనిషి గురించి ఇంకొంతా చెబుతుంది. చాలాసార్లు ఆ రెండోదే ఎక్కువ.

కాబట్టి మీ పట్టికను మళ్ళీ రాయండి, ఈసారి నాలుగు గళ్ళలో. పేజీ నంబరు, దేన్ని పోల్చారు, దేనితో పోల్చారు, ఎవరి చూపులోంచి. రాయడం అయ్యాక మూడో గడిని మాత్రం పైనుంచి కిందకి విడిగా చదవండి. పోలికలు తెచ్చుకున్న వస్తువులన్నీ ఒక చోటివైతే, అంటే అన్నీ జంతువులో, అన్నీ బజారు సరుకులో, అన్నీ జబ్బుకీ ఆసుపత్రికీ చెందినవో అయితే, నవల ఆ పాత్ర మనసులో ఏ గదిలోంచి లోకాన్ని చూస్తోందో మీకు దొరికినట్టే. రావిశాస్త్రి ‘అల్పజీవి’కి పోలికల నవల అని పేరు. ఎన్ని పోలికలున్నాయో లెక్కపెట్టిన పాఠకుడికి ఏమీ దక్కదు. అవి సుబ్బయ్య అనే పిరికివాడి భయంలోంచి ఎలా పుట్టుకొస్తున్నాయో పట్టుకున్నవాడికి మనిషి దొరుకుతాడు. నలభైలో ఏ ముప్ఫైయో ఏ వరసకూ చేరకపోతే బెంగపడకండి, వదిలేయండి. ప్రతి పోలికా బరువు మోయదు. అన్నిటికీ అర్థం అంటగట్టబోతేనే మీ పెద్దాయన మాట నిజమవుతుంది.

పోలికల కన్నా ముందు పట్టుకోవాల్సింది, కథ ఎవరు చెబుతున్నారన్నది. నవలలో అర్థాన్ని ఇంతగా మలిచే ఉపాయం ఇంకొకటి లేదు. దీన్ని అలంకారాల జాబితాలో ఎవరూ చేర్చరు కాబట్టి మీ నోటుపుస్తకంలోనూ ఉండి ఉండదు.

మీ ఊరి ఉదాహరణే చెప్తాను. మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిస్టర్ పార్వతీశం’లో పార్వతీశం బారిస్టరు చదువుకు సీమ, అంటే ఇంగ్లండు, వెళ్తూ చెన్నపట్నంలో ఒక టోపీ కొంటాడు. అది దొరసానులు పెట్టుకునే టోపీ. ఆ సంగతి అతనికి అప్పుడు తెలియదు. కథంతా “నేను” అని అతనే చెబుతున్నాడు. ఇప్పుడు దాన్ని ప్రథమ పురుషలోకి మార్చి రాయండి: “అది ఆడవాళ్ళ టోపీ అని పార్వతీశానికి తెలియదు.” విషయం ఒక్క వాక్యంలో వచ్చేసింది, నవ్వు మాత్రం చచ్చిపోయింది. నవ్వు పోతే పోయింది, ఇంకో నష్టం ఉంది. “అతనికి తెలియదు” అన్నప్పుడు చెప్పేవాడు పార్వతీశం కన్నా ఒక మెట్టు పైకెక్కి కిందకి చూస్తున్నాడు. మనమూ ఆయన పక్కన నిలబడి ఒక పల్లెటూరివాణ్ణి చూసి నవ్వాం. “నేను” అని చెప్పినప్పుడు పార్వతీశమే మనల్ని నమ్మి చెప్పుకుంటున్నాడు. నవ్వుతూనే అతని పక్షం చేరతాం. కథకుడికి తెలిసినదానికీ పాఠకుడికి తెలిసినదానికీ మధ్య ఉన్న ఎడమే ఇక్కడ ఉపాయం. ఆ ఎడం ఎంతుందో కొలవడమే మీ పని.

చలం ‘మైదానం’ 1927లో వచ్చింది. భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి తన కథ తనే చెబుతుంది. అదే కథ ఆమె పుట్టింటి వీధిలో ఎవరో చెప్పారనుకోండి. మొదటి వాక్యంలోనే “లేచిపోయింది” అంటారు. ఆ ఒక్క మాటలో నేరం, విచారణ, తీర్పు అన్నీ అయిపోయాయి, ఇక నవల అక్కర్లేదు. చలం ఆమె చేత “నేను” అనిపించడమే ఆయన వాదన. ఆయన అభిప్రాయాలు మీకు నచ్చకపోవచ్చు, రాజేశ్వరి చెప్పేదంతా నమ్మకపోనూ వచ్చు. ఆమె గొంతులోంచి వింటున్నాం కాబట్టే నమ్మాలా వద్దా అన్న ప్రశ్న పుడుతుంది.

మీ నవలకు ఇది ఇలా వర్తిస్తుంది. ‘చివరకు మిగిలేది’లో కోమలి, అమృతం, ఇందిర అనే ఆడవాళ్ళు ఎక్కువగా కథానాయకుడు దయానిధి చూపులోంచే మనకు కనిపిస్తారు. కోమలి మీద మీకున్న అభిప్రాయాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కనా అది ఆమె చేసినదా, ఆమె అన్నదా, దయానిధి అనుకున్నదా అని గుర్తు పెట్టండి. మూడో రకం ఎక్కువ తేలితే, మీకు తెలిసింది కోమలి గురించి కాదు, దయానిధికి కావలసిన కోమలి గురించి. ఈ కాగితం ఒక్కటి చాలు, మీ ఏడుగురికీ గంటసేపు మాటలుంటాయి.

ఇంట్లో వచ్చిన తెలుగు అని చిన్నబుచ్చుకోకండి. ఇప్పుడు చెప్పబోయే ఉపాయాలకు ఆ తెలుగే కావాలి. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న శిల్పం పట్టికల్లో ఇవి ఉండవు, ఎందుకంటే ఆ భాషలో ఇవి లేవు.

మొదటిది మనం, మేము. తమిళంలో కూడా నామ్, నాంగళ్ అని ఈ తేడా ఉంది కాబట్టి మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక నవలలో కొత్త కోడలు మూడో అధ్యాయంలో అత్తగారితో “మన ఇల్లు” అంటుంది. తొమ్మిదో అధ్యాయంలో “మీ ఇల్లు” అంటుంది. పన్నెండులో “ఈ ఇల్లు” అంటుంది. పోట్లాట ఎక్కడా చూపించలేదు, ఒక కన్నీటి చుక్క కూడా లేదు. ఒక సర్వనామం జరిగింది, కాపురం ఎటు పోతోందో తెలిసిపోయింది. రెండోది పిలుపు. నువ్వు, మీరు, ఏమండీ, ఒరే, నాన్నా, నాన్నగారూ, ఆయన. రెండు పాత్రలు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటున్నారో గమనిస్తూ వెళ్ళి, పిలుపు మారిన పేజీ దగ్గర చీటీ పెట్టండి. ఆ పేజీకి ముందు రెండు పేజీలు, తర్వాత రెండు పేజీలు మళ్ళీ చదవండి. మలుపు దాదాపు అక్కడే ఉంటుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మాట చివర చేరే “ట”. “వాడు దొంగ” అన్నవాడు సాక్షి. “వాడు దొంగట” అన్నవాడు మోసుకొచ్చినవాడు. మాట అంటుకుంది, బాధ్యత అంటుకోలేదు. ఊరి నోరు, నింద, పుకారు ఉన్న ప్రతి నవలలోనూ ఈ ట, అంటారు, అనుకుంటున్నారు అన్నవాటి వెంట పడండి. దయానిధి జీవితం మీద వాళ్ళమ్మ గురించి లోకం వేసిన నింద నీడలా పరుచుకుని ఉంటుంది. ఆ నింద నవలలో వచ్చిన ప్రతి చోటా అది చెప్పిందెవరు, చూసి చెప్పారా విని చెప్పారా అని రాసుకోండి. అందులో ఎంత భాగం రచయిత తన నోటితో ఖాయం చేశారు, ఎంత భాగం గాలికి వదిలేశారు? గాలికి వదిలేసిన వంతు ఎంత ఉంటే, ఆ మాటను దయానిధి ఎదురునిలిచి ఖండించడం అంత కష్టం. సంభాషణలు మాత్రం పైకి చదవండి. కళ్ళతో చదివితే “ట” జారిపోతుంది, చెవికి తగులుతుంది.

ఇక చెట్టు సంగతి. ఏ వస్తువైనా మొదట వస్తువే. ప్రతీక కావాలంటే అది నవలలో పని చేయాలి. ఒక నవల ఊహించుకోండి. చెన్నైలో 2019 ఎండాకాలం, నీళ్ళ లారీ కోసం వీధి చివర వరస. నారింజరంగు ప్లాస్టిక్ బిందె ఒకటి రెండో అధ్యాయంలో వచ్చింది. అక్కడ అది నీళ్ళు పట్టుకునే బిందె, అంతే. ఏడో అధ్యాయంలో దాని యజమానురాలు పనికి వెళ్ళాల్సొచ్చి బిందెను వరసలో పెట్టి వెళ్తుంది. బిందె మనిషికి బదులు నిలబడింది. పదిహేనులో ఎవరో దాన్ని వరసలోంచి కాలితో పక్కకి నెడతారు. ఈసారి నెట్టింది బిందెనా, ఆమెనా? చూడండి, రచయిత ఎక్కడా “బిందె ఆమె జీవితానికి ప్రతీక” అనలేదు. వస్తువు తిరిగి వచ్చింది, వచ్చిన ప్రతిసారీ దాని వాడకం మారింది, కథ మలుపు తిరిగే చోట అదక్కడ ఉంది. ఈ మూడూ కలిస్తే ప్రతీక అనండి. ఒకసారి కనిపించి మాయమైన వేపచెట్టును వేపచెట్టుగానే ఉండనివ్వండి, దాని నీడకూ విలువుంది.

ఎక్కువ మంది పొరబడేది నిఘంటువు పెట్టుకుని చదవడం వల్ల. వాన అంటే దుఃఖం, ఎరుపు అంటే విప్లవం, దీపం అంటే జ్ఞానం అని ముందే అనుకుంటారు. రాయలసీమ రైతు కథలో వాన దుఃఖమా? 2015 డిసెంబరు వరద చూసిన మీ వీధివాళ్ళకు వాన పండగా? వాన అర్థం ఆ నవల ఇవ్వాలి, బయటి నుంచి తేకూడదు.

రచయితే ప్రతీకను చేతికిచ్చే నవలలూ ఉంటాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’లో పడగలు దేనికి గుర్తో వెతుక్కోనక్కర్లేదు. ఊరిని నిలబెట్టిన ధర్మాలే పడగలు, అవి ఒక్కొక్కటిగా పోతుంటాయి. అలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ ప్రతీక మన చేత ఏం ఒప్పిస్తోంది? ఒక సమాజపు కట్టుబాటును ప్రాణమున్న సర్పంగా చూపించాక, అందులో ఏది మారినా మనకు అది మార్పులా అనిపించదు, చావులా అనిపిస్తుంది. ఆ దుఃఖం నిజంగానే గొంతు పట్టుకుంటుంది. అంతకు ముందే, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణ నవల వచ్చింది. దాని పేరే ‘మాలపల్లి’. ఆ కట్టుబాటు బరువు మోసిన వాడ నుంచి చూడమని పేరులోనే చెప్పారు, అక్కడి వాడుక మాటలతో రాశారు. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. సర్పం బొమ్మను తెచ్చి ‘మాలపల్లి’లో పెట్టి చూడండి, ఇమడదు. ప్రతీక ఎవరి పక్షాన నిలబడి పుట్టిందో అప్పుడు బాగా తెలుస్తుంది.

మీ పెద్దాయన ప్రశ్న మంచి ప్రశ్న, కొట్టిపారేయకండి. దానికి మన దగ్గర చాలా పాత సమాధానం ఉంది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని గురించి, అంటే మాట వెనక స్ఫురించే అర్థం గురించి రాశాడు. ఆ సంప్రదాయంలో అందరూ చెప్పే ఉదాహరణ “గంగాయాం ఘోషః”, అంటే గంగలో గొల్లపల్లె. నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని సరిచేసుకుంటాం. ఇక్కడితో ఆగితే లక్షణ. మరి ఒడ్డున అనే చెప్పొచ్చుగా, గంగలో అని ఎందుకన్నట్టు? ఆ మాట వల్ల పల్లెకు గంగ చల్లదనం, పావనత్వం వచ్చాయి. ఒడ్డున అని మార్చగానే అవి ఎగిరిపోతాయి. అదే వ్యంజన. తీసి చూడమని మొదట చెప్పిన పరీక్ష ఇదే, నేను కొత్తగా కనిపెట్టింది కాదు. రచయిత మనసులో ఏముందో ఎవరూ చూడలేరు. వాక్యంలో ఏముందో అందరూ చూడొచ్చు. కాబట్టి పెద్దాయనతో రచయిత ఉద్దేశం గురించి వాదించకండి. “ఈ మాట మారిస్తే ఇది పోతోంది, చూడండి” అనండి.

మీరూ ఒక నియమం పెట్టుకోవాలి. ఏ అర్థం చెప్పినా నవలలో మూడు వేరు వేరు చోట్ల నుంచి ఆధారం చూపించాలి. ఆ అర్థానికి ఎదురు తిరిగే చోటు ఒకటైనా మీరే వెతికి బయటపెట్టాలి. మూడు దొరకకపోతే అది మీ ఊహ, ఊహగానే చెప్పండి.

పేరు గురించి రెండు మాటలు. ‘చివరకు మిగిలేది’కి బుచ్చిబాబు మొదట పెట్టుకున్న పేరు ‘ఏకాంతం’. తీసి చూసే పరీక్షను రచయితే మనకోసం చేసి పెట్టినట్టుంది. ‘ఏకాంతం’ ఒక స్థితి. చదవక ముందే జవాబు చేతిలో పెడుతుంది. ‘చివరకు మిగిలేది’ సగంలో ఆగిన వాక్యం, ఏమిటి మిగిలేది అని చివరి పేజీ దాకా లాగుతుంది. నవీన్ ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియాలో చదువుకునే రవి జీవితంలో ఒక్క రోజు. దానికి ‘హాస్టల్లో ఒక రోజు’ అని పేరు పెట్టి చూడండి. భీష్ముడు పోతాడు, బాణాలు పోతాయి, బయటికి కనపడని గాయాలతో పడుకున్న కుర్రవాడు పోతాడు. ఒక దినచర్య మిగులుతుంది. అన్నట్టు, కాలం కూడా ఉపాయమే. ఏ రోజుకు ఎన్ని పేజీలిచ్చారో, ఏ ఏళ్ళను ఒక్క వాక్యంలో దాటేశారో పక్కపక్కన రాసుకుంటే రచయిత ఎక్కడ ఆగి చూడమంటున్నారో బయటపడుతుంది.

ఇక ఆ ఆదివారం. గంటన్నర ఉందనుకుంటే రెండు ఉపాయాలకు మించి ముట్టుకోకండి. ఒకటి దయానిధి చూపు, రెండోది మీ పట్టికలో వరస కుదిరిన పోలికలు చాలు. ఇరవై వాక్యాలు మించని ఒక భాగం ఎంచి ఏడు జిరాక్సులు తీయించండి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు మళ్ళీ చదవాలి. రెండో చదువుకు ఎవరి గొంతు ఎక్కడ తడబడిందో గుర్తు పెట్టుకోండి, అక్కడ ఏదో ఉంటుంది. తర్వాత పావుగంట అందరూ కలం పట్టాలి. ఇద్దరు పోలికలన్నీ తీసేసి రాయాలి. ఇద్దరు అదే సన్నివేశాన్ని ఆ చోట ఉన్న ఆడమనిషి “నేను” అంటూ చెప్పినట్టు రాయాలి. ఇద్దరు పిలుపులు మార్చి రాయాలి. మీరు రాయకండి, రాసినవి చదువుతుంటే ఏం పోయిందో బోర్డు మీదో కాగితం మీదో ఎక్కించండి. పోలికలు తీసేసే పని ఆ పెద్దాయనకే ఇవ్వండి. తీసేయబోతూ ఏ పోలిక దగ్గర ఆయన చెయ్యి ఆగిందో అడగండి. చర్చ అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

పుస్తకం ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నదైతే పెన్సిలుతో కూడా గీయకండి. సన్నని కాగితం చీటీల మీద పేజీ, వరస నంబరు రాసి లోపల పెట్టుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు తీసేయండి. సొంత ప్రతి ఉన్నవాళ్ళ ముద్రణ వేరైతే పేజీ నంబర్లు కలవవు. అందుకే అధ్యాయం పేరు, పేరాలో మొదటి రెండు మాటలు కూడా చీటీ మీద రాసుకుంటే అందరూ ఒకే చోటు తెరుస్తారు.